రజోనివృత్తి, శ్రమ, వ్యాయామం: సూర్యాపేట – కోదాడ – మిర్యాలగూడ ప్రాంత స్త్రీల ఆరోగ్యచరిత్రపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ముట్లు నిలిచే వయసులో స్త్రీలకు కలిగే బాధలకు క్రమబద్ధమైన వ్యాయామం మేలు చేస్తుందన్న సలహా నేడు పత్రికల ఆరోగ్యపుటల్లోనూ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ వినిపిస్తున్నది. ఈ సలహా ఎవరి శరీరాన్ని ఉద్దేశించి రూపొందింది, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల శ్రామిక స్త్రీలకు అది ఏ మేరకు వర్తిస్తుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. శ్రమ, వ్యాయామం వేర్వేరు భావనలుగా స్థిరపడిన తీరును, చిన్నవయసులోనే జరుగుతున్న గర్భసంచి తొలగింపు వల్ల ఈ చర్చ మారిన తీరును భాష, సమాజం, వైద్యం అనే మూడు కోణాల నుంచి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రజోనివృత్తి, ముట్లుడుగు, వ్యాయామం, రెక్కల కష్టం, గర్భసంచి తొలగింపు, నాగార్జునసాగర్ ఎడమకాలువ, ఆరోగ్య మహిళ.

1. ప్రవేశిక

తెలుగువారి పాటల్లో, ఆచారాల్లో, వైద్యరచనల్లో స్త్రీ శరీరం కొన్ని సందర్భాల్లో ప్రముఖంగా కనిపిస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి కావడం, సీమంతం, పురుడు, బాలింతతనం అటువంటివి. వీటికి పాటలున్నాయి, పేరంటాలున్నాయి, పథ్యాలున్నాయి. ముట్లు నిలిచిపోయే దశకు మాత్రం ప్రత్యేకమైన పాటగాని, పేరంటంగాని, పథ్యంగాని వాడుకలో కనిపించవు. ఆరంభానికి ఊరంతటినీ పిలిచే సమాజం ముగింపును ఇంటివారికి సైతం తెలియకుండా జరిగిపోనిచ్చింది.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ఆ స్త్రీ రజోనివృత్తి పొందినట్లు వైద్యులు లెక్కిస్తారు. సాధారణంగా ఇది 45, 55 ఏళ్ల నడుమ జరుగుతుంది. భారతీయ స్త్రీల సగటు వయసు 46–47 ఏళ్లని, పాశ్చాత్య దేశాల స్త్రీల సగటు 51 ఏళ్లని వైద్యవాఙ్మయం చెబుతున్నది. ఒంట్లోంచి ఒక్కసారిగా సెగలు లేవడం, రాత్రి చెమటలు, నిద్రలేమి, చికాకు, కీళ్ల నొప్పులు, మూత్రం ఆపుకోలేకపోవడం ఈ దశలో తరచుగా కనిపించే బాధలు. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముకల సాంద్రత వేగంగా క్షీణించడం కంటికి కనిపించని నష్టం.

ఈ పరిశీలనకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, తెలుగులో ఆధునిక విజ్ఞానరచనకు పునాది వేసినవారిలో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన మునగాల, సూర్యాపేట కోదాడల నడుమనే ఉంది. రెండు, నాగార్జునసాగర్ ఎడమకాలువ వల్ల ఇక్కడి స్త్రీల శారీరకశ్రమ స్వభావం ఒక తరంలోనే మారిపోయింది. మూడు, తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న ఈ ప్రాంత స్త్రీల జీవితకథనాలు గ్రంథస్థమయ్యాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. చారిత్రకంగా మూడింటినీ కలిపి చూడటమే ఉచితం.

2. ‘ఉడుగు’ నుంచి ‘నివృత్తి’ దాకా

ఈ దశకు తెలుగులో ఉన్న దేశ్యమైన మాట ‘ముట్లుడుగు’. ‘ఉడుగు’ ధాతువుకు తగ్గు, క్షీణించు, మాను అనే అర్థాలున్నాయి. వయసుడిగినవాడు, సత్తువ ఉడిగినది అన్న ప్రయోగాల్లో ఉన్నది ఈ ధాతువే. కాబట్టి ‘ముట్లుడిగినది’ అన్నప్పుడు ఒక శరీరధర్మం ఆగిందన్న సమాచారంతోపాటు వయసు, బలం కూడా తరిగిపోయాయన్న ధ్వని వినిపిస్తుంది. ‘స్త్రీధర్మం’ అన్న మాటను నెలసరికి పర్యాయంగా వాడటం వల్ల మరొక చిక్కు వచ్చింది. ముట్టే స్త్రీధర్మమైతే, అది నిలిచినవారి స్త్రీత్వం ఏమవుతుందన్న ప్రశ్న ఆ పదంలోనే దాగి ఉంది.

సంస్కృత వైద్యగ్రంథాల దృష్టి వేరు. ఆర్తవం పన్నెండో ఏట మొదలై, శరీరం జరాపక్వమయ్యే యాభయ్యో ఏట క్షయిస్తుందని సుశ్రుతసంహిత శారీరస్థానం చెబుతుంది. అక్కడ ఇది కాలధర్మం. దానిని ప్రత్యేకమైన రోగంగా లెక్కించలేదు. నేటి వైద్యరచనల్లో స్థిరపడిన ‘రజోనివృత్తి’లోని ‘నివృత్తి’ శబ్దానికి మరలడం, విముక్తి అనే అర్థాలుండటం వల్ల ఈ పదానికి ‘ఉడుగు’లోని క్షీణత లేదు. ‘ఋతువిరతి’ కూడా ఇటువంటిదే. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ ద గార్దాన్ 1821లో ప్రచారంలోకి తెచ్చిన ‘మెనోపాజ్’ అన్న మాట ఇప్పుడు పట్టణాల తెలుగులో స్వేచ్ఛగా వినిపిస్తున్నది.

పల్లెల్లో ఈ మూడు సంస్కృత, ఫ్రెంచి పదాలకన్నా శరీరపు వేడికి సంబంధించిన మాటలే ఎక్కువ. ‘వేడిచేసింది’, ‘ఆవిర్లు వస్తున్నాయి’, ‘తల తిరుగుతున్నది’ అని చెప్పుకొంటారు. వేడి, చలువ అన్న జంటభావనలతో శరీరాన్ని అర్థం చేసుకొనే సంప్రదాయంలో ఈ సెగ కూడా తిండివల్లనో ఎండవల్లనో వచ్చినదిగా పరిగణన పొందుతుంది. ఫలితంగా మజ్జిగ, సబ్జా, చలువ పదార్థాలు వాడతారు. ఆ బాధలన్నీ ఒకే దశకు చెందినవన్న ఎరుక మాత్రం కలగదు. మానవశాస్త్రవేత్త మార్గరెట్ లాక్ 1993లో ప్రచురించిన గ్రంథంలో జపాను స్త్రీలు ఒంటిసెగలను గూర్చి ఉత్తర అమెరికా స్త్రీలకన్నా చాలా తక్కువగా చెప్పినట్లు నిరూపించారు. శరీరధర్మంతోపాటు భాష, ఆహారం, జీవనవిధానం కూడా ఈ అనుభవాన్ని రూపొందిస్తాయని ఆమె వాదన. తెలుగు పల్లెల్లో ఈ దశకు ఒకే పేరు లేకపోవడాన్ని కేవలం అజ్ఞానంగా చూడరాదనడానికి ఈ పరిశోధన తోడ్పడుతుంది.

3. వ్యాయామం ఎవరిది?

‘వ్యాయామం’ అంటే వ్యుత్పత్తి రీత్యా చాపడం, విస్తరింపజేయడం. అష్టాంగహృదయం సూత్రస్థానంలోని దినచర్యాధ్యాయం బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు శీతవసంత కాలాల్లో తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయాలని విధిస్తుంది. వాతపిత్తరోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం ఉన్నవారు దానిని వదలాలంటుంది. నెయ్యి, పాలు సమృద్ధిగా దొరికే మనిషికి, పని చేయవలసిన అవసరం లేని మనిషికి చెప్పిన విధి ఇది. అయితే ‘శక్తిలో సగం’ అన్న కొలత గమనార్హం. వ్యాయామం చేసేవాడు తన అలసటను తానే కొలుచుకొని ఆగవచ్చు. కూలిపని చేసే మనిషికి ఆ వీలు లేదు.

తెలుగులో వ్యాయామానికి ఉన్న మిగిలిన మాటలు కసరత్తు, సాము, గరిడీ, తాలీము. ఇవన్నీ పురుషుల స్థలాలకు చెందినవి. 20వ శతాబ్ది తొలిదశలో వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలు తెలుగుదేశంలో వ్యాయామానికి గొప్ప గౌరవం తెచ్చాయి. ఊరూరా వ్యాయామశాలలు వెలిశాయి. జాతీయోద్యమానికి బలమైన యువకుడు కావాలన్న ఆదర్శం వాటి వెనుక ఉంది. ఆ ఆదర్శంలో నడివయసు స్త్రీకి చోటు లేదు.

స్త్రీల శారీరక కదలికలకు తెలుగులో ఉన్న మాటలు వేరు: పని, పాటు, చాకిరి, ఆట. దంపుడు, విసురు, నాటు, కలుపు, మోత అన్నవి పనులు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, బొడ్డెమ్మ, బతుకమ్మ అన్నవి ఆటలు. బిరుదురాజు రామరాజు 1950లలో చేసిన జానపదగేయ పరిశోధన శ్రామికగేయాల విస్తృతిని పండితలోకానికి చూపింది. దంపుడుపాట, విసుర్రాయి పాట, నాటుపాట ఆయా పనుల లయమీద నిలబడినవి. రోకటిపోటు ఎంతసేపు పడుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ లయే నిర్ణయిస్తుంది. ఆ దృష్టితో చూస్తే శ్రామికగేయాలు స్త్రీల శరీరశ్రమకు మిగిలిన చారిత్రకాధారాలు.

4. మునగాల నుంచి మద్రాసు దాకా: స్త్రీవైద్య రచనలు

1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనతో తెలుగులో శాస్త్రగ్రంథ ప్రచురణ ఒక ఉద్యమమైంది. లక్ష్మణరావు దాని సూత్రధారి. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి రచించిన జీవశాస్త్రం ఆ గ్రంథమాలలోనే వెలువడింది. తరువాతికాలంలో లక్ష్మీపతి ఆయుర్వేదాన్ని, వ్యాయామాన్ని, ఆరోగ్యప్రచారాన్ని జోడించి జీవితాంతం కృషి చేశారు.

లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ అన్నదమ్ముల చదువు విని చదువుకొన్న మేధావి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిన ఆమె 1905లో 30 ఏళ్లకే కన్నుమూశారు. లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ వైద్యురాలై విజయవాడలో పనిచేశారు, 1957లో అక్కడినుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆమె రాసిన వైద్యగ్రంథం పేరు ‘ప్రసూతి – శిశుపోషణ’. ఆ తరం వైద్యురాలి ముందున్న తక్షణ కర్తవ్యం ఏమిటో ఆ పేరే చెబుతుంది. కాన్పులో తల్లులు, పురిట్లో బిడ్డలు చనిపోతున్న కాలంలో యాభయ్యో ఏటి బాధలు వైద్యరచనకు వస్తువు కాలేకపోవడం సహజం. ఈ మౌనాన్ని ఆనాటి రచయితల ఉపేక్షగా భావించడం చరిత్రకు న్యాయం కాదు.

స్త్రీరోగాలను ప్రజల వాడుకలోకి తెచ్చినవారిలో మద్రాసులోని డాక్టర్ కె.ఎన్. కేసరి ఒకరు. ఆయన తయారుచేసిన ‘లోధ్ర’ ఔషధం స్త్రీల గర్భాశయ రుగ్మతలకు పేరుపొందింది. ఆయనే 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించారు. స్త్రీల పత్రిక, స్త్రీల ఔషధం ఒకే గడప నుంచి వెలువడటం ఆ కాలపు ప్రత్యేకత. చదువుకొన్న మధ్యతరగతి గృహిణి తన శరీరాన్ని గూర్చి అచ్చులో చదువుకొనే అవకాశం అట్లా ఏర్పడింది. అయితే ఆ గృహిణి ఇంట్లో దంచడానికి, రుబ్బడానికి, నీళ్లు మోయడానికి తరచుగా మరొక స్త్రీ ఉండేది. వ్యాయామం గూర్చిన సలహా మొదటి స్త్రీకి చేరింది. రెండో స్త్రీ శరీరం అప్పటికే అలసిపోయి ఉంది కనుక ఆమెకు అది అక్కరలేదని అందరూ అనుకొన్నారు.

5. పోరాటం చేసిన శరీరాలు

నల్లగొండ జిల్లా స్త్రీలు 1946–51 నడుమ వెట్టికి, దొరతనానికి, ఆపై సైన్యానికి ఎదురు నిలిచారు. స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ స్త్రీల మాటలను భద్రపరచింది. అందులో ప్రధానంగా వినిపించేది పోరాటకాలపు శరీరం: రాత్రింబవళ్ల నడక, అడవి, ఆకలి, కాన్పు, బిడ్డను విడిచిపెట్టవలసిరావడం. పోరాటం నాటికి 15, 30 ఏళ్ల నడుమ ఉన్నవారు ఆ గ్రంథం వెలువడేనాటికి 50, 70 ఏళ్ల నడుమ ఉంటారు. అంటే ఆ కథనాలు చెప్పిన స్త్రీలలో అనేకులు రజోనివృత్తిని దాటి మాట్లాడినవారు. వారి యౌవనమే చరిత్రగా నమోదైంది. నడివయసు శరీరానుభవం చరిత్ర అడగవలసిన ప్రశ్న అని ఆనాటికి ఎవరికీ తోచలేదు.

సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం 1978లో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనప్పుడు ఆమెకు 47 ఏళ్లు. లోకం ‘వయసుడిగింది’ అనే దశలో ఆమె ప్రజాజీవితంలో మరో ఘట్టం మొదలైంది. 2022లో మరణించేవరకూ ఆమె ప్రజల నడుమనే ఉన్నారు. ముట్లకూ సత్తువకూ భాష వేసిన ముడి జీవితంలో నిలవదనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

6. కాలువ నీళ్లు, నాటు, రెక్కల కష్టం

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పిలిచే ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను వరిపొలాలుగా మార్చింది. జొన్న, సజ్జ, ఆముదం పండిన చెలకల్లో వానకాలం, యాసంగి అని రెండు కార్ల వరి వచ్చింది. మిర్యాలగూడ బియ్యంమిల్లుల పట్టణమైంది.

ఈ మార్పు స్త్రీల శరీరానికి రెండు విధాలుగా తగిలింది. మిల్లు రాకతో దంపుడు పోయింది. తరువాత మిక్సీ, గ్రైండరు, కుళాయి వచ్చి విసరడం, రుబ్బడం, మోయడం తగ్గాయి. భుజాలకు, చేతులకు, నిటారు వెన్నుకు బలమిచ్చే పనులు తగ్గిపోయాయి. మరోవైపు నాట్లు, కలుపు పెరిగాయి. బురదలో చీలమండల లోతున నిలబడి, నడుము వంచి, వెనక్కి అడుగులు వేస్తూ గంటలకొద్దీ చేసే పని నాటు. ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకొన్న కూలీల గుంపు త్వరగా ముగించడానికి ప్రయత్నిస్తుంది కనుక విరామం మరీ తక్కువ. వరికోత యంత్రాలు వచ్చాక కోతపని స్త్రీలచేతి నుంచి జారిపోయింది. నడుమువంచే పని మాత్రం వారికే మిగిలింది.

తెలంగాణలో దీనికి ‘రెక్కల కష్టం’ అని పేరు. రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెతలో శరీరమే పెట్టుబడి. ఆ పెట్టుబడికి విశ్రాంతి లేదు. యాభయ్యేళ్ల స్త్రీకి రాత్రి చెమటలతో నిద్ర లేకపోయినా తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, వండిపెట్టి ఆటో ఎక్కవలసిందే.

7. శ్రమ వ్యాయామమవుతుందా?

‘పొద్దస్తమానం పనిచేసేవాళ్లకు వేరే వ్యాయామం ఎందుకు?’ అన్న ప్రశ్న తెలుగునాట అందరూ వేసేదే. ఆధునిక వ్యాయామశాస్త్రం కూడా ఈ ప్రశ్నకు రెండు కాలాల్లో రెండు జవాబులిచ్చింది.

1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు కార్మికులపై చేసిన అధ్యయనాన్ని లాన్సెట్ ప్రచురించింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని తేలింది. అంటే వ్యాయామశాస్త్రపు తొలి ప్రధాన సాక్ష్యం కార్మికుల పని నుంచే లభించింది. ఆ కార్మికులందరూ పురుషులు. 2021లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ ప్రాంతంలో లక్షకుపైగా స్త్రీపురుషులను పరిశీలించిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం భిన్నమైన ఫలితం చూపింది. తీరికవేళ చేసే శరీరశ్రమ గుండెకు రక్షణనిస్తే, ఉద్యోగంలో తప్పనిసరిగా చేసే బరువుపని ఆ రక్షణ ఇవ్వకపోగా ప్రమాదాన్ని పెంచుతున్నది. పని గంటలు దీర్ఘంగా ఉండటం, మధ్యలో కోలుకొనే వ్యవధి లేకపోవడం, భంగిమ మారకపోవడం ఇందుకు కారణాలు కావచ్చునని పరిశోధకుల వివరణ.

‘శక్తిలో సగం’ అన్న అష్టాంగహృదయపు కొలతకు ఇక్కడ కొత్త అర్థం లభిస్తుంది. శ్రమకూ వ్యాయామానికీ భేదం కదలికలో కన్నా ఎక్కువగా ఆగే అధికారంలో ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత చేయాలో, ఎప్పుడు ఆపాలో చేసేవారే నిర్ణయిస్తే అది వ్యాయామం. ఆ నిర్ణయం మేస్త్రీదో, పొలం యజమానిదో, ఆకలిదో అయితే అది శ్రమ.

బతుకమ్మ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. తొమ్మిది రోజులు అన్ని వయసుల స్త్రీలూ వలయంగా తిరుగుతూ, వంగుతూ, లేస్తూ, చప్పట్లు చరుస్తూ ఆడతారు. శరీరభారాన్ని కాళ్లమీద మోస్తూ లయతో చేసే కదలిక అది. సామూహికం, ఇచ్ఛాపూర్వకం కూడా. ముట్లుడిగిన స్త్రీని పక్కకు నెట్టకుండా పాట ఎత్తుకొనే స్థానం ఆమెకు ఇస్తుంది. అయితే ఏడాదికి తొమ్మిది రోజుల ఆట నియతవ్యాయామం కాలేదు. నియతం చేయదలచినవారు అనుసరించదగిన రూపం మాత్రం అందులో ఉంది.

8. గర్భసంచి తొలగింపు: అకాలపు ముగింపు

ఈ ప్రాంతంలో రజోనివృత్తిని గూర్చి మాట్లాడేటప్పుడు శస్త్రచికిత్సను విడిచి మాట్లాడటం సాధ్యం కాదు. 2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద 3 శాతానికి కొంచెం పైన ఉండగా, తెలంగాణలో సుమారు 8, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం ఉన్నారు. 2019–21 నాటి అయిదో సర్వేలోనూ ఈ అంతరం దాదాపు అట్లాగే ఉంది. దేశంలో ఈ శస్త్రచికిత్సల్లో మూడింట రెండువంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగాయి. స్త్రీలు చెప్పిన ముఖ్యకారణం అధిక రక్తస్రావం. అనవసరంగా జరిగే గర్భసంచి తొలగింపులను అరికట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

స్త్రీలు ఇందుకు ఒప్పుకోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. నెలకు మూడు రోజుల ముట్టు కూలి దొరికే రోజులకు అడ్డు. అంటు పాటించే ఇళ్లల్లో అది వంటకు, పూజకు అడ్డు. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనిలేదన్న మాట ఆస్పత్రిలోనూ ఇరుగుపొరుగులోనూ వినిపిస్తుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకుకోత కార్మికస్త్రీల విషయం 2019లో వెలుగులోకి వచ్చినప్పుడు ఇటువంటి కారణాలే బయటపడ్డాయి.

ఇక్కడ భాష ఒక ముఖ్యమైన వాస్తవాన్ని కప్పివేస్తున్నది. ‘గర్భసంచి తీసేశారు’ అన్న ఒక్క వాక్యంతో రెండు భిన్నమైన శస్త్రచికిత్సలను చెబుతున్నాం. గర్భాశయాన్ని మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే ముట్లు ఆగుతాయి, హార్మోన్లు కొనసాగుతాయి; అయినా అవి సహజకాలం కన్నా కొన్నేళ్లు ముందే తగ్గే అవకాశం ఉంది. అండాశయాలను కూడా తీస్తే ముప్పయి అయిదేళ్ల స్త్రీకి సైతం ఆ రోజే రజోనివృత్తి వస్తుంది. ఎముకలకు, గుండెకు ఈస్ట్రోజెన్ ఇచ్చే రక్షణ పదేళ్లో పదిహేనేళ్లో ముందుగానే పోతుంది. తనకు జరిగింది వీటిలో ఏదో తెలియని స్త్రీకి ఏ వ్యాయామం, ఏ మందు అవసరమో నిర్ణయించడం వైద్యులకూ కష్టమే.

నల్లగొండకు ప్రత్యేకమైన మరొక చిక్కు ఫ్లోరైడ్. నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించడానికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు ఈ ప్రాంతాన్ని బట్టే వచ్చింది. ఫ్లోరోసిస్ సోకిన ఎముక పరీక్షలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది, కీళ్లు బిగుసుకొంటాయి. అందువల్ల ఇక్కడి నడివయసు స్త్రీ నడుమునొప్పికి నాటు, ఈస్ట్రోజెన్ లోపం, ఫ్లోరైడ్ అనే మూడింటిలో ఏది కారణమో విచారించకుండా ‘రోజూ నడవండి’ అని పంపివేయడం తగదు.

9. చికిత్సగా వ్యాయామం: దాని పరిధి

1966లో అమెరికా వైద్యుడు రాబర్ట్ విల్సన్ ఒక గ్రంథంలో రజోనివృత్తిని హార్మోన్ లోపంవల్ల వచ్చే వ్యాధిగా చిత్రించి, హార్మోన్ చికిత్సతో యౌవనం నిలుస్తుందని ప్రచారం చేశారు. 2002 జులైలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో ఒక విభాగాన్ని రొమ్ముక్యాన్సర్ వంటి ప్రమాదాల వల్ల మధ్యలో నిలిపివేయడంతో ఆ నమ్మకం సడలింది. హార్మోన్లకు ప్రత్యామ్నాయంగా వ్యాయామం పేరు గట్టిగా వినిపించసాగింది. 60 ఏళ్లలోపు, లేదా ముట్లాగిన పదేళ్లలోపు ఉన్న ఆరోగ్యవంతులైన స్త్రీలకు, తీవ్రమైన బాధలుంటే, హార్మోన్ల వల్ల మేలే ఎక్కువని తరువాతి విశ్లేషణలు చెప్పినా, ఆ భయం పూర్తిగా పోలేదు.

వ్యాయామం ఏమి చేయగలదు? ఒంటిసెగలను అది తగ్గిస్తుందనడానికి చాలినంత సాక్ష్యం లేదని 2014 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో ప్రకటించిన మార్గదర్శకాల్లోనూ సెగల చికిత్సగా వ్యాయామాన్ని సిఫార్సు చేయలేదు. ఎముకలకు, కండరాలకు, గుండెకు, నిద్రకు, మనసుకు మాత్రం దాని మేలు స్పష్టం. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శరీరశ్రమ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించింది. ఈ భేదాన్ని తెలుగు ఆరోగ్యరచనలు స్పష్టంగా చెప్పడం అవసరం. సెగలు తగ్గుతాయన్న ఆశతో నడక మొదలుపెట్టిన స్త్రీ, అవి తగ్గకపోతే నెలరోజుల్లో నడక మానేస్తుంది. దానితోపాటు ఎముకలకు దక్కవలసిన మేలునూ పోగొట్టుకొంటుంది.

ఈ ప్రాంత శ్రామికస్త్రీలకు అన్నిటికన్న ఉపయోగపడే వ్యాయామానికి అన్నిటికన్న తక్కువ ప్రచారం ఉంది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వివరించిన కటికండరాల వ్యాయామం అది. మూత్రాన్ని ఆపుకొన్నట్లుగా కండరాలను బిగించి, కొన్ని క్షణాలు నిలిపి, వదలడం అందులోని పద్ధతి. దగ్గినా బరువెత్తినా మూత్రం జారడానికి, గర్భసంచి కొద్దిగా జారినప్పటి బాధలకు ఇది పనిచేస్తుందని బలమైన సాక్ష్యాలున్నాయి. దీనికి మైదానం, బూట్లు, తీరిక అక్కరలేదు. బరువులెత్తే స్త్రీలకు గర్భసంచి జారడం, దానికి పరిష్కారంగా శస్త్రచికిత్స సూచించడం మామూలైన చోట, ముందుగా ఈ వ్యాయామం నేర్పడం వైద్యధర్మం. దీనికి నలుగురికీ తెలిసిన తేలికైన తెలుగు పేరు లేకపోవడం, నలుగురిలో నేర్పడానికి సిగ్గు అడ్డురావడం ప్రచారలోపానికి కారణాలు.

రోజంతా వంగి పనిచేసిన నడుముకు మరికొన్ని గంటల నడక వల్ల పెద్ద లాభం లేదు. వెన్నును నిటారుగా నిలిపే కండరాలకు బలమిచ్చే కసరత్తు, దంపుడు కాలంలో చేతులకు భుజాలకు దొరికిన బరువుకు సాటివచ్చే అభ్యాసం, వాటితోపాటు విశ్రాంతి అవసరం.

10. ఆరోగ్య మహిళ, ఆపై

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ పథకంలో తొలివిడతగా 100 కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీలకు ప్రత్యేక వైద్యసేవలు ఏర్పాటయ్యాయి. ఎనిమిది రకాల సేవల్లో మెనోపాజ్ సమస్యలకు పరీక్షలు, చికిత్స, సలహా ఒకటి. బరువు నియంత్రణ, యోగా, వ్యాయామాలపై అవగాహన మరొకటి. ప్రసూతికి పరిమితమైన ప్రభుత్వ స్త్రీవైద్యం ముట్లుడిగిన స్త్రీని కూడా లెక్కలోకి తీసుకోవడం చరిత్రలో చెప్పుకోదగిన మలుపు. డాక్టర్ అచ్చమాంబ తరం ప్రసూతిమరణాలపై సాగించిన పోరాటం ఫలించినందువల్లనే తరువాతి వయసును గూర్చి ఆలోచించే స్థితి వచ్చిందని గుర్తించాలి.

అయితే వ్యాయామానికి కల్పించిన స్థలాలు, వేళలు ఇంకా ఒక వర్గానికే అనుకూలం. సూర్యాపేట సద్దులచెరువు కట్టమీద ఉదయపు నడక సాగే వేళలోనే చుట్టుపక్కల పల్లెల నుంచి నాటుకూలీల ఆటోలు బయలుదేరతాయి. ఒక స్త్రీకి వ్యాయామవేళ అయిన గంట మరో స్త్రీకి పనివేళ. మంగళవారం ఆస్పత్రికి వెళ్లడమంటే ఆమెకు ఒకరోజు కూలి పోవడం. నాట్లులేని నెలల్లో, స్వయంసహాయక సంఘాల సమావేశాల్లో, ఆమె ఉన్నచోటికే ఈ విద్యను తీసుకువెళ్లడం ఒక మార్గం.

11. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలివి:

1. ‘ముట్లుడుగు’ అన్న దేశ్యపదం శరీరధర్మ విరామాన్ని, బలక్షయాన్ని ఒకటిగా చూపుతుంది. ‘రజోనివృత్తి’లో ఆ దోషం లేకున్నా అది పల్లెస్త్రీల వాడుకలోకి ఇంకా చేరలేదు.

2. తెలుగులో వ్యాయామభావన పురుషుల సాముశాలలో, ఆపై మధ్యతరగతి గృహంలో రూపుదిద్దుకొన్నది. శ్రామికస్త్రీ శరీరాన్ని అది తన పరిధిలోకి తీసుకోలేదు.

3. సాగర్ ఎడమకాలువ వచ్చాక ఈ ప్రాంతపు స్త్రీల శ్రమలో బలమిచ్చే పనులు తగ్గి, నడుము అరగదీసే పనులు పెరిగాయి. అందువల్ల శ్రమే వ్యాయామమన్న వాదం ఇక్కడ చెల్లదు.

4. చిన్నవయసులో గర్భసంచి తొలగింపు అధికంగా ఉన్నందున, రజోనివృత్తి వ్యాయామాన్ని యాభయ్యేళ్లవారి విషయంగా పరిమితం చేయరాదు. అండాశయాలను ఉంచారో తీశారో ప్రతి స్త్రీకి ఆమె భాషలో రాసి ఇవ్వాలి.

5. వ్యాయామం ఒంటిసెగలకు మందు కాదు. ఎముకకు, కండరానికి, నిద్రకు, గుండెకు అది అండ. ఈ పరిధిని దాచకుండా చెప్పిన సలహాకే విశ్వసనీయత ఉంటుంది.

విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రాన్ని తెలుగులో చెప్పే బాధ్యతను 1906లో తలకెత్తుకొన్నది. కటికండరాల వ్యాయామానికి నాటుకూలి స్త్రీ సిగ్గుపడకుండా పలికే ఒక మాట కూర్చడం ఆ బాధ్యతలో నేటికీ మిగిలి ఉన్న పని. వైద్యులతోపాటు తెలుగు శాఖలు కూడా ఆ పనిలో పాలుపంచుకోవలసి ఉంది.